లోతువాడలో ఆరు గంటలు

1. నవంబరు 19, 12:25

ఈ ఉదయం 11:42కి సూరాడ నీలవేణికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల మొదటి ఊపిరి తీసుకున్నది 11:51కి. మధ్యలో తొమ్మిది నిమిషాలు.

బరువు రెండు కిలోల ఏడువందల గ్రాములు. లోతువాడ కట్టి పదకొండేళ్లయింది. ఇక్కడ పుట్టిన మొదటి బిడ్డ ఇదే. అసలు ఇక్కడ ఎవరూ పుట్టకూడదని రూలు. ఎనిమిదో నెల రాగానే తల్లిని పైకి పంపేస్తారు. నీలవేణి నవంబరు 6న వెళ్లాలి. 5న లిఫ్టు తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చీలింది. కొత్త పట్టీ 14న వస్తుందన్నారు. 13న తుపాను హెచ్చరిక వచ్చింది. పైన మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే ఓడ తాళ్లు విప్పుకుని రేవుకు వెళ్లిపోయింది.

నేను విలేకరిని. అక్టోబరు 29న, లిఫ్టు ఆఖరిసారి కిందికి దిగినప్పుడు వచ్చాను. పద్దెనిమిది రోజులుండి వెళ్లాల్సినదాన్ని. ఈ ఉదయం ఖాళీగా ఉన్న చేతులు నావే కాబట్టి పలక మీద టైము రాసే పని నాకు అప్పగించారు. ఇక్కడ రాస్తున్న అంకెలన్నీ ఆ పలక మీదివే.

లోతువాడ సముద్రం అడుగున నూట తొంభై మీటర్ల లోతులో ఉంది. నేల మీదైతే ఆ దూరం మూడు నిమిషాల నడక. ఇక్కడి నుంచి పైకి వెళ్లడానికి ఎనిమిది రోజులు పడుతుంది. లోపలి గాలిని బయటి నీటి ఒత్తిడికి సమానంగా బిగించి ఉంచుతారు. ఆ బిగువులో ఉన్న మనిషిని ఒక్కసారిగా పైకి తీస్తే మూత తీసిన సోడాలా రక్తం పొంగుతుంది. అందుకే కొంచెం కొంచెం వదులు చేస్తూ ఎనిమిది రోజులు. పసిబిడ్డకు వేరే లెక్క లేదు.

2. నవంబరు 19, 13:10

జరిగింది వరసగా రాస్తున్నాను.

10:50కి ఉమ్మనీరు పోయింది. 11:19కి కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 140 నుంచి 72కి పడింది. మెహరున్నీసా చెయ్యి పెట్టి చూసింది. ఆమె ఇక్కడి నర్సు, సొంతూరు బాపట్ల దగ్గర, ఎనిమిదేళ్లుగా కిందే ఉంటోంది. బొడ్డుతాడు తలకంటే ముందు జారి, తలకూ తల్లి ఎముకకూ మధ్య నలుగుతోంది. తల్లి పీల్చిన ఊపిరి బిడ్డ మెదడుకు చేరే దారి ఆ తాడొక్కటే. పైనైతే వెంటనే ఆపరేషను చేసి బిడ్డను తీస్తారు. ఇక్కడ ఆపరేషను చేసేవాళ్లు లేరు.

మెహర్ వేళ్లతో బిడ్డ తలను పైకి నెట్టి, తాడు మీద బరువు పడకుండా పట్టుకుంది. నీలవేణిని మోకాళ్ల మీద, తల కిందికి నడుము పైకి ఉండేలా వంచాం. నేను ఒక చేత్తో ఆమె ముఖానికి ఆక్సిజన్ మాస్కు పట్టుకుని రెండో చేత్తో పలక మీద రాశాను. 11:23కి గుండె 110కి వచ్చింది. 11:34కి మళ్లీ 70కి పడింది. ఇక లేవలేదు.

“తొయ్యాలా వొద్దా అప్పా?” అని నీలవేణి అడిగింది. శ్రీకాకుళం వైపు అప్ప అంటే అక్క.

“ఇప్పుడు తొయ్యి. ఆగకుండా తొయ్యి” అంది మెహర్.

పిల్ల పుట్టినప్పుడు కదలలేదు. చేతులు, కాళ్లు వేలాడాయి. గుండె నిమిషానికి 50. మెహర్ చిన్న మాస్కు ముఖానికి నొక్కి గాలి సంచిని పిండడం మొదలుపెట్టింది. 11:47కి గుండె వంద దాటింది. 11:51కి పిల్ల తనంతట తాను ఊపిరి తీసింది.

ఆ ఊపిరితో ఒక చప్పుడు వచ్చింది. ఇక్కడి గాలిలో ఎక్కువ పాలు హీలియం. అందులో మనిషి గొంతు బాతు కూతలా వినిపిస్తుంది. అందుకే అందరం మెడకు పట్టీ కట్టుకుంటాం. అది మాటను సరిచేసి ఎదుటివాళ్ల చెవిలో వేస్తుంది. పిల్లకు పట్టీ లేదు. దాని గొంతు ఈల కంటే సన్నగా ఉంది.

“ఏడిసిందా?” అని నీలవేణి రెండుసార్లు అడిగింది.

“ఏడ్చింది” అంది మెహర్.

నేను పలక మీద ‘శబ్దం, రెండు సెకన్లు’ అని రాశాను.

3. నవంబరు 19, 13:45

ఓడ పోయాక మా కేబులు చివర నీటి మీద తేలే బోయా ఒకటి మిగిలింది. అది అల మీదికి లేచినప్పుడు నాలుగైదు వాక్యాలు పైకి వెళ్తాయి, నాలుగైదు కిందికి వస్తాయి. ఒడ్డున పసిపిల్లల డాక్టరు కొమ్ము హెప్సిబాకు 12:05కి రాశాం. జవాబు 13:22కి వచ్చింది.

“మెదడుకు ఆక్సిజన్ అందని లక్షణాలు ఉన్నాయి. పుట్టిన ఆరు గంటల లోపు పిల్లను చల్లబరచడం మొదలుపెట్టండి. ఒంటి వేడి 33.5 డిగ్రీలు, 72 గంటలు అలాగే ఉంచండి. 33 కంటే తగ్గనివ్వద్దు. తర్వాత గంటకు అర డిగ్రీ చొప్పున పెంచండి.”

మెహర్ చేతులు పిల్ల మీద ఉన్నాయి. నేను పైకి చదివాను.

“ఎన్ని గంటలు?” అంది.

“ఆరు గంటలు.”

తల ఊపింది. గదుల మధ్య మాట్లాడుకునే లైనులో చోడిపల్లి అప్పన్న కూడా విన్నాడు. బయట పనిచేసేవాళ్ల సూట్లలోకి వేడినీళ్లు పంపే యంత్రం ఆయన చేతిలో ఉంటుంది. అరవై దాటాయి. ఒకప్పుడు పూడిమడక దగ్గర మరపడవ నడిపేవాడు. నన్ను పేపరమ్మ అంటాడు, పేపరన్నది చూసి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేకపోయినా.

“సల్లబెట్టడవా?” అన్నాడు. “ఇక్కడా?”

“ఇక్కడే మావా” అంది మెహర్.

“మనుసుల్ని ఎచ్చగా ఉంచడానికి పదకొండేళ్లు సదివేను. ఇదేటి కొత్త సదువు.”

ఆయన సందేహంలో అర్థం ఉంది. హీలియం ఒంటి వేడిని మామూలు గాలి కంటే ఆరు రెట్లు వేగంగా లాగేస్తుంది. గదులు 31 డిగ్రీల దగ్గర ఉంచినా ఉన్ని బట్టలు వేసుకుంటాం. పిల్ల ఇప్పుడు ఉన్న వెచ్చని అద్దాల పెట్టె 36 దగ్గర ఉంది. పెట్టె తెరిచి బట్ట తీస్తే వేడి పడిపోతుంది. పడడం కాదు కష్టం, 33 దగ్గర ఆపడం. ఇంకా దిగితే గుండె తప్పుతుంది.

అప్పన్న ఒక ఉపాయం చెప్పాడు. పాత సూటు లోపల ఉండే సన్నగొట్టాలు విప్పి చాపలా కుట్టి, అందులోకి కావలసినంత వేడి ఉన్న నీళ్లు తిప్పుతాడు. పిల్లను దాని మీద పడుకోబెడితే వేడి ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడుతుంది.

“పన్నెండో గంటకి అందిత్తాను. పదమూడు దాకా టైముంది కదా” అన్నాడు.

మెహర్ సరే అంది. 13:30కి డబ్బాల గంట మోగితే లేచి మా గది డబ్బా మార్చాను. మేం వదిలిన చెడు గాలిని పీల్చే సున్నం అందులో ఉంటుంది. తాజా డబ్బా చల్లగా ఉంటుంది, వాడేసింది చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తుంది.

4. నవంబరు 19, 14:55

నీలవేణి ఒప్పుకోలేదు.

ఆమెకు ఇరవై ఏడేళ్లు. నీటిలో పైపులు అతికే వెల్డరు. ఈ వాడ గోడల్లో నాలుగో వంతు అతుకులు ఆమెవేనని అప్పన్న చెప్పాడు. భర్త పైడిరాజు కాన్పుకు ఇల్లు చూడ్డానికి నేను దిగిన లిఫ్టులోనే పైకి వెళ్లాడు. ఇప్పుడు ఒడ్డున డాక్టరు గది బయట కూర్చుని ఉన్నాడు.

“వేడి మీదున్న అతుకుని చన్నీళ్లలో ముంచితే పగులుద్ది” అంది. “నెమ్మదిగా ఆరనియ్యాల. నాకెవరూ సెప్పక్కర్లేదు.”

మెహర్ మంచం పట్టె మీద కూర్చుంది. “ఇది అతుకు కాదు. మెదడు ఊపిరాడక దెబ్బతింటుంది, మళ్లీ ఊపిరి అందగానే కాస్త తేరుకుంటుంది. ఇప్పుడు నీ పిల్ల ఉన్నది అక్కడ. కొన్ని గంటలయ్యాక రెండో దెబ్బ మొదలవుతుంది. మొదటిదానికంటే అది పెద్దది. ఒళ్లు చల్లగా ఉంటే ఆ రెండోది మెత్తబడుతుంది.”

లైనులోంచి అప్పన్న కలగజేసుకున్నాడు. “ఐసులో ఎట్టిన సేపలాగన్నమాట తల్లీ. పాడవదు.”

“నా పిల్ల సేపేటి?”

“కాదు, నానన్నది—”

“నువ్వు చాప కుట్టుకో మావా.”

ఆయన లైను ఆపేశాడు. నీలవేణి గోడ వైపు తిరిగింది. లోతువాడలో ఎవరైనా చనిపోతే చనిపోయారని అనరు, చల్లబడ్డారంటారు. నాలుగేళ్ల కిందట బయట పనిచేస్తుండగా ఇద్దరి సూట్లలోకి వేడినీళ్లు ఆగిపోయాయి. లోపలికి తెచ్చేసరికి చల్లబడ్డారు. ఆ ఇద్దరిలో ఒకడు ఆమె తమ్ముడు.

5. నవంబరు 19, 15:40

15:31కి నీలవేణి అడిగింది. “ఒదిలేస్తే ఏటవుద్ది?”

“తెలీదు” అంది మెహర్. “బాగానే ఉండొచ్చు. నడక రాకపోవచ్చు. మాట రాకపోవచ్చు. ఫిట్స్ రావచ్చు. బతక్కపోవచ్చు.”

“సల్లబెడితే?”

“అప్పుడూ తెలీదు. ఇలాంటి పిల్లలు పదిమంది ఉంటే, చల్లబెట్టడం వల్ల ఒకరో ఇద్దరో ఎక్కువ బాగుపడతారు.”

“ఒకరో ఇద్దరో.”

“అంతే.”

నీలవేణి పెట్టె అద్దంలోంచి పిల్లను చూసింది. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు. మెహర్ దాని అరికాలు గీసింది. కాలు ఆలస్యంగా కదిలింది.

“నా తమ్ముడికి కాళ్లు ఇలాగే ఉన్నాయి అప్పా.”

మెహర్ ఆ కాలిని మళ్లీ బట్టలో చుట్టింది.

“సరే. చెయ్యి” అంది నీలవేణి. “నేను చూస్తుండగా చెయ్యి.”

6. నవంబరు 19, 16:44

పదకొండో గంట 16:30కి మోగింది. డబ్బా మార్చి వచ్చి, పలక మీద రాసింది ఈ లాగ్‌బుక్కులోకి ఎక్కిస్తున్నాను. మెహర్ చేతిరాతలో ‘చల్లబరచడం, 13 లోపు’ అని ఉంది. నేను గడియారం టైములే రాస్తున్నాను కాబట్టి లెక్కవేశాను. పదమూడో గంట అంటే 19:30. పిల్ల పుట్టిన 11:42కి ఆరు కలిపితే 17:42. మళ్లీ వేశాను. అదే వచ్చింది.

“మెహర్, ఆరు గంటలంటే ఎప్పటికి?”

“పదమూడుకి.” వేళ్లు మడిచింది. “ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు.”

“అవి డబ్బా గంటలు.”

“అవును.”

“డాక్టరు చెప్పింది గడియారం గంటలు.”

ఆమె గోడ గడియారం వైపు చూసింది. 16:38.

“ఎంతుంది?”

“అరవై నాలుగు నిమిషాలు.”

ఇక్కడ సున్నం డబ్బా తొంభై నిమిషాలకోసారి మారుస్తారు. మార్చినప్పుడల్లా గంట కొడతారు. రోజుకు పదహారు. పగలూ రాత్రీ తెలియని చోట జనం రోజును దాంతోనే కొలుస్తారు. రెండు గంటల్లో వస్తానన్న మనిషి గడియారం మీద మూడు గంటలయ్యాక వస్తాడు, ఎవరూ ఆలస్యం అనరు. పై డాక్టరుకు ఇది తెలిసే వీల్లేదు. ఎనిమిదేళ్లుగా కింద ఉన్న మెహర్‌కు ఇంకో అర్థం తోచే వీలు కూడా లేదు.

నాకు తెలుసు. అక్టోబరు 31న నా నోటుబుక్కులో ఒక వాక్యం ఉంది: ‘ఇక్కడ గంటంటే తొంభై నిమిషాలు.’ వ్యాసం ఎత్తుగడకు పనికొస్తుందని కింద గీత కూడా గీశాను. ఈ మధ్యాహ్నం డాక్టరు మాటను పైకి చదివింది నేనే. మళ్లీ అడిగితే మళ్లీ చదివిందీ నేనే. అప్పన్న పదమూడు అన్నప్పుడు విన్నాను కూడా.

మెహర్ లైను నొక్కింది. “మావా, చాప ఎంతయింది?”

“సగం కూడా కుట్టలేదు. పన్నెండుకన్నాను కదా.”

“పన్నెండు పనికిరాదు. పన్నెండుకి టైము అయిపోయి పావుగంట దాటుతుంది.”

“అదేటి?”

చెప్పింది. 

“తొందరగా కుడితే లీకవుద్ది తల్లీ. అరవై నిమిషాల్లో నాను కుట్టలేను. అబద్ధం సెప్పను.”

“చాప లేకుండా మొదలుపెడతాను” అంది మెహర్. “చేత్తో.”

7. నవంబరు 19, 17:36

పద్ధతి ఇది. పెట్టె వేడి ఆపేసి మూత తీశాం. ఒక ఉన్ని శాలువాను పొడవుగా ఏడు పీలికలు కత్తిరించాం. పిల్ల ఒంటిని వాటితో చుట్టాం. వేడి దిగాలంటే ఒక పీలిక తీస్తాం, ఎక్కువ దిగుతుంటే ఒకటి చుడతాం. పిల్ల లోపలి వేడి చూసే సన్నని తీగ మెహర్ పెట్టింది. అంకె నేను చదువుతాను. పీలికలు తీసేది, చుట్టేది నీలవేణి.

ఆ పని మెహర్ చేస్తానంది. నీలవేణి ఒప్పుకోలేదు.

“మిల్లీమీటరు గీతని కంటితో కొలిసేదాన్ని నేను. నువ్వు గుండె సూసుకో.”

కాన్పులో పడిన కుట్ల నొప్పి మీదే లేచి కూర్చుంది. 17:11కి మొదటి పీలిక తీసింది.

17:11, 36.7. 17:15, 36.2. 17:19, 35.8. 17:23, 35.1. ఇక్కడ జారుడు ఎక్కువైంది, రెండు పీలికలు చుట్టింది. 17:27, 34.9. 17:31, 34.6. 17:35, 34.3. పిల్ల గుండె నిమిషానికి 118. చల్లబడేకొద్దీ తగ్గుతుంది, అది మామూలే అంది మెహర్.

డాక్టరు పెట్టిన గడువు 17:42. మొదలుపెట్టి పాతిక నిమిషాలయింది.

8. నవంబరు 19, 18:25

17:52కి 33.5 చేరింది. 17:58కి 33.2. నీలవేణి మూడు పీలికలు ఒకేసారి చుట్టి రెండు అరచేతులు వాటి మీద పెట్టింది. 33.1. 33.1. 33.2.  18:04కి 33.4.

పన్నెండో గంట అప్పటికే మోగిపోయింది. మా గది డబ్బా మార్చడం మరిచిపోయాను. తలనొప్పి మొదలయ్యాక గుర్తొచ్చింది. 18:12కి మార్చాను.

9. నవంబరు 19, 20:10

చాప 19:05కి తయారైంది. కానీ నీళ్ల యంత్రం 34 డిగ్రీల కంటే తక్కువ నీళ్లు పంపదు. నాలుగేళ్ల కిందట ఆ ఇద్దరూ పోయాక దానికో అడ్డు బిగించి సీసపు సీలు వేశారు. వేసింది అప్పన్న. ఆ ఇద్దరూ పోయిన రోజు యంత్రం దగ్గర కాపలా ఆయనదేనని ఇవాళే తెలిసింది.

లైనులో నీలవేణిని పిలిచాడు. “తల్లీ, సీలు తియ్యాల. నువ్వు తియ్యమంటేనే తీత్తాను.”

ఆమె పిల్ల మీది చెయ్యి తీయకుండా విన్నది.

“బయట ఎవులైనా ఉన్నారా మావా? సూట్లలో?”

“ఎవులూ లేరు. అందర్నీ లోపలికి పిలిసేసేను.”

“అయితే తియ్యి.”

కటకటమని ఒక చప్పుడు వినిపించింది. 19:14కి చాపలోకి నీళ్లు వచ్చాయి. పది నిమిషాలకు పిల్ల 33.5 దగ్గర నిలబడింది. నీలవేణి రెండు గంటల తర్వాత మొదటిసారి పడుకుంది.

19:40కి ఎవరో అన్నం గిన్నె ఇవ్వడానికి గది తలుపు తెరిచారు. నాలుగు నిమిషాల్లో పిల్ల 33.1కి పడింది. అప్పటి నుంచి తలుపు మూసేశాం. 72 గంటలు పూర్తయ్యి, వేడి పెంచేదాకా తెరవం. గడియారం ప్రకారం 72. లోపల మెహర్, నీలవేణి, పిల్ల, నేను. గది పొడవు ఆరు మీటర్లు, వెడల్పు రెండు. తిండి, మందులు చిన్న కిటికీ అరలోంచి వస్తాయి. బకెట్టుకు తెర కట్టాం.

10. నవంబరు 20, 10:05

09:38కి పిల్ల ఎడమచెయ్యి ఒకే తీరులో ఆడడం మొదలైంది, సైకిలు తొక్కినట్టు. పెదవులు చప్పరిస్తున్నట్టు కదిలాయి. నీలవేణి “పాలడుగుతోంది” అంది. మెహర్ కాదంది. అది ఫిట్. నాలుగు నిమిషాలుంది. ఉన్న మందులో సగం ఇచ్చింది. ఇంకో సగం ఉంది.

రెండో దెబ్బ అంటే ఇదేనా అని అడిగాను.

“దాని చప్పుడు” అంది మెహర్. “ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలీదు. లేటుగా మొదలుపెట్టి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేదా? అదీ తెలీదు. రాసుకోండి, తెలీదని.”

రాశాను. డాక్టరుకు పంపాం. బోయా తీసుకోలేదు.

11. నవంబరు 21, 14:20

ఫిట్ నిన్న 16:10కి ఇంకోసారి వచ్చింది, రెండు నిమిషాలు. మిగిలిన సగం మందు ఇచ్చేశాం. ఆ తర్వాత రాలేదు. వస్తే ఇవ్వడానికి ఏమీ లేదు.

ఈ గదిలో చేయగలిగింది అయిపోయింది. మందు పైన ఉంది, స్కాను పైన ఉంది, డాక్టరు పైన ఉంది. మేం లెక్కేసుకున్నది: తుపాను రేపు తీరం దాటితే ఓడ 25న తిరిగొస్తుంది. పట్టీ మార్చడానికి ఒక రోజు. తర్వాత ఎనిమిది రోజులు ఇలాంటి గదిలోనే కూర్చుని పైకి. ఈ పిల్ల మెదడును ఎవరైనా ఫొటో తీసి చూసేది డిసెంబరు 4న. అంతకు ముందు ఏ దారీ లేదు. గోడ బయట అరచేతి మందం ఉక్కు, ఆ తర్వాత నీళ్లు.

నీలవేణికి పిల్లను ఎత్తుకునే వీల్లేదు, ఎత్తుకుంటే వేడెక్కుతుంది. ఒక వేలు దాని అరచేతిలో పెట్టొచ్చు. మెహర్ గంటకు రెండు నిమిషాలని లెక్క పెట్టింది.

“ఏ గంటకి?” అని నీలవేణి అడిగింది.

మెహర్ నవ్వింది. నీలవేణి నవ్వలేదు, కానీ వేలు పెట్టింది.

పాలు నిన్నటి నుంచి పడుతున్నాయి. పిండి చిన్న సీసాల్లో పోసి కిటికీ అరలోంచి పంపుతున్నాం. అప్పన్న చలిపెట్టెలో దాస్తున్నాడు. ఒక్కో సీసా మీద టైము రాస్తున్నాడు. కింద బ్రాకెట్లో ‘గడియారం’ అని కూడా రాస్తున్నానని లైనులో చెప్పాడు.

“పేపరమ్మా” అన్నాడు ఈ ఉదయం. “మావు లెక్క తప్పేవని పేపర్లో రాత్తారా?”

“రాస్తాను. నేను తప్పానని కూడా.”

“మీరేటి తప్పేరు? సదివేరంతే.”

“చదివింది నాకు అర్థమైంది. మీకేం అర్థమైందో అడగలేదు.”

 “గంటలకి ఇంకో పేరెట్టాల మేం” అన్నాడు.

13:02కి బోయా ఒకసారి లేచింది. రెండు సందేశాలు వచ్చాయి. ఒకటి పైడిరాజుది: “ఎలాగున్నారు. నేను బాగున్నాను. ఎవరి పోలిక.” రెండోది డాక్టరుది, మొదటి రాత్రి మేం పంపినదానికి జవాబు: “సమయానికి మొదలుపెట్టారు. వేడి మెల్లగా పెంచండి, తొందర వద్దు. పెంచాక చప్పరింత చూడండి. చప్పరిస్తే మంచి గుర్తు. చప్పరించకపోతే నోట్లో పాలు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, గొట్టంతో ఇవ్వండి.” ఆ తర్వాత బోయా మళ్లీ మునిగింది.

నీలవేణి ఆ సందేశాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది. ప్రతి మాటకూ తనకేం అర్థమైందో నాకు తిరిగి చెప్పింది. పైడిరాజుకు జవాబు రాయమంది.

“ఎవరి పోలికని రాయను?”

“చూసి రాస్తానని రాయండి.”

12. నవంబరు 22, 16:30

మొన్న సాయంత్రం నుంచి ఫిట్స్ లేవు. ఒంటి వేడి 33.5. గుండె 96. ఈ ఉదయం 8:20కి మెహర్ అరికాలు గీస్తే పిల్ల కాలు వెంటనే వెనక్కి లాక్కుంది. 11:05కి రెప్ప వేసింది. మధ్యాహ్నం రెండుసార్లు వేసింది. చేతులు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఈ వేడి దగ్గర వీటిని మంచికీ చెడుకూ గట్టిగా లెక్కపెట్టలేమని మెహర్ అంది.

నీలవేణి పొద్దుటి నుంచి నాలుగుసార్లు చేతులు కడుక్కుంది.

“చప్పరింత చూసేది నా వేలితోనే” అంది.

“నీ వేలితోనే” అంది మెహర్. “ఒకవేళ చప్పరించకపోతే—”

“గొట్టం. ఇన్నాను. గొట్టాలు నాకు కొత్తా?”

17:11కి 72 గంటలు పూర్తవుతాయి. అప్పుడు అప్పన్న చాప నీళ్ల వేడి పెంచడం మొదలుపెడతాడు. 18:11కి పిల్ల 34 దగ్గర ఉండాలి, 19:11కి 34.5, అలా 23:11కి 36.5. మధ్యలో ఫిట్ వస్తే అక్కడ ఆపుతాం. రాకపోతే 23:30కి తలుపు తెరుస్తారు, 23:40కి పిల్లను మొదటిసారి తల్లి ఒళ్లో పెడతారు. పాల సీసా 5:45కి వెచ్చబెడతారు. రేపు ఉదయం 6:00కి నీలవేణి తన పాలు అద్దిన చిటికెనవేలు పిల్ల నాలుక మీద పెడుతుంది. టైము నేను చూస్తాను. చప్పరించడానికి ఒక నిమిషం ఇస్తాం.